పచ్చబొట్టు తీయడం పార్లరు పని కాదు

కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో కానిస్టేబుల్ కొలువులకు నోటిఫికేషన్ పడిందంటే అందులో పచ్చబొట్ల మీద ఒక నిబంధన ఉంటుంది. దేవుడి బొమ్మో, మత చిహ్నమో, పేరో ఉండొచ్చు. అయితే అది ఎడమ ముంజేతి లోపలివైపున గానీ, అరచేతుల వెనకవైపున గానీ మాత్రమే ఉండాలి. ఆ భాగంలో నాలుగో వంతుకు మించకూడదు. కుడిచేయి సెల్యూట్ కొట్టే చేయి కనుక ఆ ముంజేతి మీద పనికిరాదు. సైన్యం నిబంధన కొద్దిగా వేరు. అక్కడ ముంజేతుల లోపలివైపున, అరచేతి వెనకవైపున అనుమతిస్తారు. ఆచారం ప్రకారం పొడిపించుకునే గిరిజనులకు మినహాయింపు ఇస్తారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లల కళ్లు సిలబస్ మీద, ఖాళీల సంఖ్య మీద, ఆఖరు తేదీ మీద ఉంటాయి. ఈ నిబంధన దాకా వెళ్లేవాళ్లు తక్కువ. తెల్లవారుజామునే లేచి మైదానాల్లో పరుగులు తీసి, రాతపరీక్ష గట్టెక్కి, ఎత్తూ ఛాతీ కొలతలు దాటుకుని వచ్చిన కుర్రాడికి తీరా వైద్యపరీక్ష గదిలో, ఎప్పుడో పదో తరగతిలో తిరునాళ్లలో వేయించుకున్న పేరు అడ్డం పడుతుంది. అలా ఆగిపోయినవాళ్లు కోర్టు మెట్లెక్కుతున్నారు. 2022లో ఢిల్లీ హైకోర్టు అలాంటి ఒక అభ్యర్థి విషయంలో, కుడిచేతి మీది పచ్చబొట్టు తీయించుకుని రెండు వారాల్లో కొత్త మెడికల్ బోర్డు ముందుకు వెళ్లొచ్చని చెప్పింది. అవకాశం ఇవ్వాలన్న ఆ ఆలోచన మంచిదే. కానీ మచ్చ మిగలకుండా రెండు వారాల్లో పచ్చబొట్టును తీసే పద్ధతి వైద్యశాస్త్రంలో లేదు.

పచ్చబొట్టు వేసుకోవడం గంట పని. తీయించుకోవడం నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా సాగే వైద్యం. మన దగ్గర మాత్రం దాన్ని ఫేషియల్, వాక్సింగ్ వరసలో చేర్చి పార్లరు బోర్డు మీద రాస్తున్నారు. ప్రభుత్వానికి అది పట్టదు, ఉద్యోగాలిచ్చే సంస్థలకు అందుకు పట్టే సమయం తెలియదు, పెద్దాసుపత్రిలో అడగొచ్చన్న ఊహ కూడా పేదింటి పిల్లలకు రాదు. ఈ పద్ధతి మారాలి. పచ్చబొట్టు తొలగింపును వైద్యంగా గుర్తించి అర్హులైన వైద్యుల చేతికే అప్పగించాలి, దాన్ని ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో తక్కువ ఖర్చుతో అందించాలి.

ఇది ఎందుకు వైద్యమో తెలియాలంటే సిరా ఎక్కడ ఉంటుందో తెలియాలి. మన చర్మం పైపొర నెలా రెండు నెలల్లో రాలిపోయి కొత్తది వస్తూనే ఉంటుంది. సిరా అక్కడే ఆగితే ఏ బాధా లేదు, గోరింటాకులా కొన్నాళ్లకు దానంతటదే పోయేది. సూది దాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున, అంతశ్చర్మంలో దింపుతుంది. బయటి పదార్థం లోపలికి వచ్చిందని శరీరం గుర్తించి మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలను పంపుతుంది. అవి సిరా రేణువులను మింగుతాయి గానీ అరిగించుకోలేవు. కడుపులో పెట్టుకుని అక్కడే ఉండిపోతాయి. మనకు పైనుంచి పచ్చగా, నల్లగా కనిపించేది చాలావరకు ఆ కణాల కడుపులో ఉన్న సిరాయే. ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 2018లో ఎలుకలపై చేసిన పరిశోధనలో ఇంకో సంగతి తేల్చారు. సిరా మింగిన కణం ఆయువు తీరి చనిపోయినప్పుడు ఆ రేణువులు బయటపడతాయి, పక్కనే పుట్టుకొచ్చిన కొత్త కణం వాటిని మళ్లీ మింగుతుంది. కణాలు మారుతుంటాయి, బొమ్మ మాత్రం మారదు. బామ్మల గడ్డం మీది చుక్క డెబ్బై ఏళ్లయినా చెరగకపోవడానికి కారణం ఇలాంటి ఏర్పాటే. పైన రాసే ఏ క్రీమూ అంత లోతుకు దిగి ఆ రేణువులను పట్టుకోలేదు. అంత లోతుకు దిగేంత ఘాటైనది ఏదైనా ఉంటే అది ముందు చర్మాన్నే కాల్చేస్తుంది. ఆన్‌లైన్‌లో అమ్మే ‘టాటూ రిమూవల్ క్రీము’ల బండారం ఇంతే.

చర్మాన్ని కాల్చకుండా సిరాను మాత్రమే పగలగొట్టడం ఎలాగన్నది చాలాకాలం తెగని చిక్కుగా ఉండింది. అమెరికా చర్మవైద్యుడు లియాన్ గోల్డ్‌మన్ 1960లలోనే రూబీ లేజర్‌ను పచ్చబొట్ల మీద వాడి చూశారు. దానికి సిద్ధాంతపు పునాది 1983లో పడింది. రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు వైద్యులు ‘సైన్స్’ పత్రికలో ఒక సూత్రం ప్రకటించారు. ఫలానా రంగు మాత్రమే పీల్చుకునే కాంతిని ఎంచుకుని, వేడి పక్కకు పాకేలోపే ఆగిపోయేంత పొట్టి మెరుపుగా దాన్ని వదిలితే, లక్ష్యం ఒక్కటే దెబ్బతింటుంది, చుట్టుపక్కల కణజాలం క్షేమంగా ఉంటుంది. నేటి క్యూ-స్విచ్డ్ లేజర్లు ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. వాటి మెరుపు నిడివి నానోసెకన్లలో ఉంటుంది. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. 2012 తర్వాత మార్కెట్లోకి వచ్చిన పికోసెకను లేజర్ల మెరుపు అంతకన్నా ఎన్నో రెట్లు పొట్టిది. ఒక్కో మెరుపు తగిలినప్పుడు టప్పుమని శబ్దం వస్తుంది. బిగించిన రబ్బరు బ్యాండును చర్మం మీద వదిలినట్టు చురుక్కుమంటుంది, అందుకే ముందుగా మత్తు క్రీము రాస్తారు. తగిలిన చోట చర్మం ఒక్కసారిగా తెల్లగా, పొడిమంచు పట్టినట్టు అవుతుంది. పావుగంట ఇరవై నిమిషాల్లో ఆ తెలుపు పోయి ఎరుపు, వాపు మిగులుతాయి. కొందరికి బొబ్బలు వస్తాయి. లోపల సిరా గడ్డలు నలిగి చిన్న తునకలవుతాయి. వాటిని కొద్దికొద్దిగా శరీరమే మోసుకుపోవాలి.

ఆ మోసుకుపోవడానికే సమయం కావాలి. లేజర్ పని కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, మిగిలిందంతా శరీరం చేసుకోవాలి. అందుకే సిట్టింగుకు సిట్టింగుకు మధ్య కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటారు. ఇటలీలో 352 మందికి చేసిన చికిత్సను పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపించేది. 10 సిట్టింగుల తర్వాత పచ్చబొట్టు బాగా తొలగినవారు 47 శాతం, 15 తర్వాత 75 శాతం. పొగతాగేవారికి, ముప్పై చదరపు సెంటీమీటర్లకు మించిన బొమ్మ ఉన్నవారికి, కాళ్లమీద వేయించుకున్నవారికి, నలుపు, ఎరుపు కాక వేరే రంగులు ఉన్నవారికి ఫలితం తగ్గింది. అన్నిటికన్నా గమనించాల్సింది ఇంకొకటి: ఎనిమిది వారాలు, అంతకన్నా తక్కువ ఎడంతో చేయించుకున్నవారికీ ఫలితం తగ్గింది. అంటే తొందరపడితే లాభం లేకపోగా నష్టమే. 10 సిట్టింగులు, మధ్యలో ఎనిమిదేసి వారాలు లెక్కేస్తే ఏడాది దాటి నాలుగైదు నెలలు. తిరునాళ్లలో వేసే ఒంటిరంగు పేర్లు, ఇంట్లో సూదితో పొడుచుకున్న అక్షరాలు ఇంతకన్నా త్వరగా పోవచ్చు. వాటిలో సిరా తక్కువ, అదీ ఎక్కువగా మసినలుపు. అయినా రెండు వారాల్లో అయ్యేది కాదు.

మిగతా దారుల గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. చిన్న బొమ్మయితే సర్జన్ దాన్ని కోసి తీసి కుట్లు వేయగలరు. త్వరగా అవుతుంది, గీతలా మచ్చ ఉంటుంది. గట్టిగా ఉప్పుతో రుద్దడం, చర్మాన్ని చెక్కేయడం, ఆమ్లంతో కాల్చడం పాత పద్ధతులు. వీటిలో సిరా పోయిన చోటల్లా మచ్చ వస్తుంది. ఇంట్లో సున్నం, యాసిడ్ ప్రయోగించేవాళ్లకు రెండూ మిగులుతాయి, మచ్చా ఉంటుంది, దాని కింద బొమ్మా ఉంటుంది. ఉద్యోగ సమస్య లేనివారికి పాత బొమ్మ మీద కొత్త బొమ్మ వేయించుకోవడం, అదే ‘కవర్ అప్’, ఒక మార్గం. కాకపోతే పాతదాన్ని మరుగున పడేయాలంటే కొత్తది ఇంకా పెద్దదిగా, ఇంకా ముదురుగా ఉండాలి. రేపు అదీ వద్దనుకుంటే తీయడం రెండింతల కష్టం. కాబట్టి లేజరే మెరుగైన దారి అన్నది చర్మవైద్యుల్లో స్థిరపడిన మాట. అయితే ఆ లేజర్ ఎవరి చేతిలో ఉంది అన్నదే అసలు ప్రశ్న.

మన చర్మపు రంగు వల్ల ఈ ప్రశ్న మరీ ముఖ్యం. లేజర్ కాంతిని సిరాతో పాటు చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా పీల్చుకుంటుంది. తెల్లచర్మంలో మెలనిన్ తక్కువ, చామనఛాయలో, నలుపులో ఎక్కువ. 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి లోతుకు దిగుతుంది, మెలనిన్ దాన్ని అంతగా పీల్చుకోదు. నలుపు, ముదురు నీలం సిరాలకు, మన ఒంటి రంగుకు అదే క్షేమం. ఎర్రసిరాకు వాడే 532 నానోమీటర్ల కాంతి మన చర్మం మీద తెల్ల మచ్చలో, గోధుమరంగు మరకలో మిగల్చగలదు. ఆకుపచ్చ, నీలాలకు వేరే లేజర్లు కావాలి. తెలుపు, లేత గులాబీ, పెదవుల రంగు సిరాల్లో టైటానియం డయాక్సైడ్, ఇనుప ఆక్సైడ్‌లు ఉంటాయి. వాటి మీద లేజర్ కొడితే తెల్లగా ఉన్నది క్షణంలో నల్లబడిపోవచ్చు. శాశ్వత లిప్‌స్టిక్, శాశ్వత కనుబొమలు వేయించుకుని తర్వాత చెరపాలనుకునేవారు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఇది. ఎర్రసిరా ఉన్నచోట దురద, గట్టిపడటం ఉంటే అది అలర్జీ కావచ్చు. అక్కడ లేజర్ సిరాను చెదరగొడితే అలర్జీ ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది. బొమ్మ కింద పుట్టుమచ్చ ఉంటే దాన్ని ముందు పరీక్షించాలి, దానిమీద లేజర్ కొట్టి మారు రూపం ఇస్తే రేపు అది క్యాన్సర్‌గా మారినా గుర్తుపట్టలేం. గాయమైతే గడ్డలా ఉబికే కెలాయిడ్ మచ్చలు రావడం మన దేశస్థుల్లో ఎక్కువ. ఇన్ని చూసుకుని, చిన్న చోట పరీక్షించి, శక్తిని తగ్గించి మొదలుపెట్టి, కళ్లకు రక్షణ పెట్టి చేయాల్సిన పనిని, యంత్రం అమ్మినవాడు ఒక పూట చూపించిన పద్ధతితో పార్లర్లలో చేసేస్తున్నారు. నెత్తురు, వాపు, మందు, మచ్చ ఉన్న పనికి వైద్యం కాక ఇంకేం పేరు పెట్టాలి?

ఇలాంటి చోట ఏం చేయాలో మన వైద్య వ్యవస్థకు తెలియనిది కాదు. జుట్టు మార్పిడి కేంద్రాలు వీధికొకటి వెలిసి ప్రమాదాలు జరిగాక, 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ సౌందర్య చికిత్సలపై మార్గదర్శకాలు ఇచ్చింది. వర్క్‌షాపుల్లోనో, యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని అందులో స్పష్టంగా చెప్పింది. అదే సూత్రం పచ్చబొట్టు తీసే లేజర్లకూ అక్షరాలా వర్తించాలి. ప్రైవేటు ఆసుపత్రులను నమోదు చేసేదీ తనిఖీ చేసేదీ జిల్లా వైద్యారోగ్య శాఖే. లేజర్‌తో పచ్చబొట్లు తీస్తామని బోర్డు పెట్టిన ప్రతిచోటా చర్మవైద్యుడో ప్లాస్టిక్ సర్జనో ఉన్నారా, లేరా అన్నది అదే అధికారులు చూడాలి. వేసే దశలోనూ ఇంతే నిర్లక్ష్యం ఉంది. ఐరోపా సమాఖ్య 2022 జనవరి నుంచి టాటూ సిరాల్లో నాలుగు వేలకు పైగా రసాయనాలపై ఆంక్షలు పెట్టింది. మన జాతరలో బ్యాటరీ మెషీన్ పెట్టుకుని కూర్చున్న మనిషి సీసాలో ఏముందో, ఆ సూది అంతకుముందు ఎంతమంది చేతుల్లో దిగిందో అడిగే నాథుడు లేడు. హెపటైటిస్-బి, సి, హెచ్‌ఐవీ ఆ సూది మీదుగా రాగలవు.

పార్లర్లను కట్టడి చేస్తే పేదలకున్న చౌక దారి కూడా మూసుకుపోతుందని ఒక అభ్యంతరం వస్తుంది. నిజమే, ఒక్కో సిట్టింగుకు వేలల్లో అడిగే పెద్ద క్లినిక్కుకు ఆటో నడిపే తండ్రి తన కొడుకును తీసుకెళ్లలేడు. అందుకే కట్టడితో పాటు ప్రత్యామ్నాయం చూపాలి. అది ప్రభుత్వ బోధనాసుపత్రుల చర్మవ్యాధుల విభాగం. ఇక్కడే అసలైన ఎదురుప్రశ్న వస్తుంది: సరదాకు వేయించుకున్నదాన్ని తీయడానికి ప్రజల సొమ్ము ఎందుకు? మందుల్లేక జనం బారులు తీరే చోట ఇదెక్కడి విడ్డూరం? ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. నా సమాధానం ఇది. పచ్చబొట్లు తీసే క్యూ-స్విచ్డ్ లేజర్ కేవలం పచ్చబొట్ల కోసం కొనే యంత్రం కాదు. కంటి చుట్టూ నీలిమచ్చగా వచ్చే ‘నీవస్ ఆఫ్ ఓటా’కు, ఇంకా కొన్ని లోతైన రంగుమచ్చలకు అదే వైద్యం. ఆ మచ్చతో పుట్టి పెళ్లిచూపుల్లో తలదించుకునే ఆడపిల్లకు ఏ వాదనా లేకుండా దక్కాల్సిన చికిత్స అది. బోధనాసుపత్రిలో యంత్రం ఉంటే పీజీ విద్యార్థులు దానిమీద నేర్చుకుంటారు, రేపు జిల్లాల్లో అర్హులైన చేతులు పెరుగుతాయి. పచ్చబొట్టు తీయించుకునేవారి దగ్గర నామమాత్రపు రుసుము తీసుకోవచ్చు. జబ్బులవాళ్లకు ఇబ్బంది లేకుండా వారానికో పూట కేటాయించవచ్చు. మైనర్లుగా ఉన్నప్పుడే వేయించుకున్నవారికి, ఉద్యోగ ఎంపికలో నిలిచినవారికి ముందు వరస ఇవ్వవచ్చు.

చేసిన తప్పుకు అనుభవించనీ అనేవారు ఆలోచించాల్సింది ఇంకొకటుంది. పొగతాగి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నవారికి, హెల్మెట్ లేకుండా బండి తోలి పడ్డవారికి ఇదే ప్రభుత్వం, సరిగ్గానే, వైద్యం చేస్తోంది. పద్నాలుగేళ్ల పిల్లవాడు స్నేహితుల మధ్య హీరో పేరు రాయించుకోవడం వాటికన్నా పెద్ద నేరమా? అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో గ్రెగ్ బాయిల్ అనే క్రైస్తవ ఫాదర్ 1988లో మొదలుపెట్టిన ‘హోమ్‌బాయ్ ఇండస్ట్రీస్’ సంస్థ ముఠాల నుంచి బయటపడ్డవారికి ఉచితంగా పచ్చబొట్లు తీయిస్తుంది. మెడ మీద ముఠా పేరున్నవాడికి ఎవరూ పని ఇవ్వరు, పని లేకపోతే వాడు మళ్లీ ముఠాకే పోతాడు అన్నది వాళ్ల లెక్క. మన పిల్లలకు ముఠాలు లేవు. వాళ్ల ముంజేతి మీద ఉన్నది ఒక సినిమా హీరో పేరో, విడిపోయిన అమ్మాయి పేరో. అయినా కొలువు పోవడం దగ్గర ఫలితం ఒక్కటే.

పచ్చబొట్టుకీ పోలీసు ఉద్యోగానికీ సంబంధమేంటి, నిబంధననే ఎత్తేస్తే పోతుంది కదా అని కొందరంటారు. ఎడమచేతి మీద ఒప్పయినది కుడిచేతి మీద తప్పెలా అవుతుందన్న ప్రశ్నలో బలం ఉంది. కేంద్రం దాన్ని పునరాలోచిస్తే మంచిదే. కానీ నిబంధన ఉన్నంతకాలం పిల్లలు దాని కింద నలుగుతారు. అది పోయినా తొలగింపు అవసరం పోదు. కొట్టి వెళ్లగొట్టిన భర్త పేరును రోజూ చేతిమీద చూసుకోవాల్సి వచ్చే స్త్రీకి ఏ నోటిఫికేషన్‌తోనూ పనిలేదు. నియామక సంస్థలు ఈలోపు ఒక చిన్న పని చేయవచ్చు. పచ్చబొట్టు నిబంధనను నోటిఫికేషన్ మొదటి పేజీలో, తెలుగులో, బొమ్మతో సహా వేయాలి. చికిత్స మొదలుపెట్టినట్టు ప్రభుత్వ చర్మవైద్యుడి ధ్రువపత్రం తెచ్చిన అభ్యర్థికి రెండు వారాలు కాక వైద్యం ఒప్పుకునేంత గడువు ఇవ్వాలి. శిక్షణ కాలంలోనూ సిట్టింగులు సాగించవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ప్రతి పచ్చబొట్టునూ చెరపాలని కాదు నేనంటున్నది. ఎరుకల స్త్రీలు ఇంటింటికీ తిరిగి పొడిచిన చుక్కలు, మొగ్గలు, తేళ్లు, ఇష్టదైవాల పేర్లు మన అమ్మమ్మల చేతుల మీద ఇంకా ఉన్నాయి. చనిపోయాక వెంట వచ్చేది ఇదొక్కటేనని వాళ్లు మురిసిపోతారు. పట్నంలో మనవరాలి పెళ్లిలో ఫొటోకు బాగుండదని ఆ చేతిని కొంగులో దాచుకోమనడం తప్పు. ఇష్టపడి ఉంచుకున్నవాళ్లను సిగ్గుపడేలా చేయకూడదు, వద్దనుకున్నవాళ్లను యాసిడ్ సీసా దగ్గరికి నెట్టకూడదు.

వచ్చే ఏడాది కొలువుల కోసం పరుగు సాధన మొదలుపెట్టిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక విన్నపం. చేతిమీద వద్దనుకున్న పేరుంటే నోటిఫికేషన్ దాకా ఆగవద్దు. దగ్గరలోని బోధనాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి ఈ వారమే వెళ్లండి. లేజర్ అక్కడ ఉందా అని అడగండి. లేకపోతే ఎందుకు లేదో మీ ఎమ్మెల్యేను అడగండి. ప్రైవేటులో చేయించుకుంటే చేసేవారి వైద్య రిజిస్ట్రేషన్ నంబరు చూశాకే చేయి చాపండి.